మూడు సీట్ల దూరం

జబ్బు పేరు గోషే అనిరి.
నాకు గోస అని ఇనపడె.
అట్లనే రాయించుకుంటి
ఆదోని యార్డు తూకం చీటీ ఎనకల.

కుందకు తొమ్మిదేండ్లు.
ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టింది, ఉరుకుందమ్మ.
కడుపు ఎడమ పక్క గట్టిగ, ఇంతెత్తు.
ఏం తిన్యావే అని నవ్వుతారు ఇస్కూల్లో.
రాత్రయితే మోకాళ్లు పట్టుకోని ఏడుస్తాది.
ఎదిగే నొప్పులులే, అనె మా అక్క.
ఎదిగేది లేదు. నొప్పులే.

పెద్ద డాక్టరు నా పనేందో అడిగి
నా పనిలోనే చెప్పె:
"సరుకు దిగుతానే ఉండాది, ఎత్తి బయటికేసే హమాలీ రాలేదు.
గోదాము ఏమైతాది?"
దావ మూసుకపోతాది సార్, అంటిని.
"పాప ఎముకల్లో అదే.
ఒంట్లో ఒక హమాలీ పుట్టనే లేదు."

ఇరవై ఏండ్లాయె ఈ ఈపు మీద
శనక్కాయ మూటలు, పత్తి బోరాలు.
ఈ మూటకు మాత్రం
కొక్కెం యాడ తగిలించల్లో తెలీలే.

కర్నూల్లో స్కాను రూముకు మెట్లు కిందికి దిగల్ల.
లోపల చల్లగ, జొన్నల పాతర మాదిరి.
పాతర తెరిస్తే మా జేజినాయన
ముందు తాడు కట్టి లాంతరు దించుతుండె.
దీపమారితే దిగొద్దురా, గాలి చెడింది, అంటుండె.
ఈడ దాన్నే తిరగేసిరి:
దీపం యాడ ఎలిగితే ఆడ చెడింది.

షంషాద్ మేడం సీసం డబ్బీలోంచి సూది తీసె.
అంత బరువు డబ్బీలో నాలుగు చుక్కల మందు.
"ఎలుతురు నాకు కనపడతాదా?" అనె కుంద.
"మిషనుకు కనపడతాదమ్మా. నువ్వు కదలగూడదు."
కదల్లే నా బిడ్డ. ముక్కు మీద ఈగ వాలినా కదల్లే.

తెర మీద రెండు కాళ్లు.
బాగుండే పిల్లోల్లకు ఆడ చీకటంట.
మోకాళ్లకు పైన, కింద,
ఎవరో టార్చిలైటు మర్చిపోయి పోయినట్లు.
ఎంత బాగుండాది, అంటి, నోరు జారి.
మేడం ఏమీ అనలే. ఒక అంకె రాసుకునె.

మళ్ల, తలెత్తకుండానే:
"ఇంట్లో కడుపుతో ఎవరన్నా ఉండారా?"

బయట బెంచీ మీద సుంకులు ఉండాది. నాలుగో నెల.
ఇంకా ఎవరికీ చెప్పలే.
నా అక్క కూతురే.
ఎకరన్నర బయటికి పోగూడదని మా నాయన చేసిన పెండ్లి.
చేను బయటికి పోలే.
ఏదీ బయటికి పోలే.

నలుగురిలో ఒకరికి, అనిండె డాక్టరు.
మూటలైతే అరచేత్తో తట్టి చెప్తును
నాలుగిట్లో ఏది తడిసిందో.

"ఈ రాత్రికి పాపను తల్లి పక్కన పండబెట్టొద్దు.
ఆరు గంటలకు సగమైతాది,
ఇంకో ఆరుకు సగంలో సగం.
తెల్లారితే భయం లేదు."
అప్పులు గూడా ఇట్ల కరిగేటివైతే!

ఆదోని బస్సు. సుంకులు ముందర, ఆడోళ్ల సీట్లో.
మేము మూడు సీట్లు ఎనకల.
"అమ్మ కాడికి ఎందుకు పోగూడదు?"
నీలో దీపముండాది పాపా, అంటి. ఆరేదాకా.
కోడుమూరు దాటినాక డ్రైవరు లైట్లార్పె.
చీకట్లో కుంద
చేతిని కండ్ల కాడికి తెచ్చుకోని, తిప్పి తిప్పి చూసుకునె.

ఎమ్మిగనూరు స్టాండులో సుంకులు బన్ను కొనె.
ఎనక్కి తిరిగి, కమ్మీ మీద వంగి చేయి చాపె. అందలే.
గొంగడి కప్పుకున్న ముసలాయన అందుకునె,
ఆయన ఎనకలామెకు, ఆమె ఒక కాలేజీ పిల్లోనికి,
ఎవరూ ఏందని అడగలే,
లారీ కాడ మేము మూట మార్చుకున్నట్లు
చేతులు మారి మారి వచ్చె.

కుంద సగం తిన్యాది.
మిగిలిన సగం
అదే దావలో అమ్మకు పంపె.